పేగు పూసిందన్న నాయనమ్మ మాట నిజమే

డాక్టరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కడుపు గురించే. 31 ఏళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో సర్జన్‌గా పొట్టలు తెరిచి కుట్టినదాన్ని కాబట్టి, ఈసారి పేజీ మొత్తం పేగుకే ఇచ్చేశాను.

నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మనిషి పేగును విప్పి పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని మా సైన్సు టీచరు చెప్పారు. అంత పేగు పొట్టలో ఎలా పడుతుంది? ఇంకో డౌటు. అన్నం తింటే అది ఒంటి లోపలికి వెళ్లినట్టేనా?
– ఒక విద్యార్థిని, అనకాపల్లి

అమ్మడూ, నీ రెండో ప్రశ్న నాకు చాలా నచ్చింది. ముందు దానికే జవాబు చెబుతాను. గారె చిల్లులో వేలు పెట్టావనుకో. వేలు గారె మధ్యలో ఉంది కానీ గారె పిండిలోకి దిగలేదు కదా! మన ఒళ్లూ అంతే. నోటి దగ్గర మొదలై మలద్వారం దగ్గర ముగిసే ఒక పొడవాటి చిల్లు చుట్టూ ఒళ్లంతా కట్టి ఉంది. నువ్వు మింగిన చింతగింజ మర్నాడు చెక్కుచెదరకుండా బయటికి వస్తే, అది నీ ఒంట్లోకి రానే లేదన్నమాట. అన్నం అరిగి, పేగు గోడ దాటి, రక్తంలో కలిసినప్పుడే నిజంగా లోపలికి వచ్చినట్టు. ఆ గోడే అసలైన గడప.

ఇక పొడవు సంగతి. గొంతు నుంచి జీర్ణాశయం దాకా దిగే అన్నవాహిక పాతిక సెంటీమీటర్లు. చివరనున్న పెద్దపేగు మీటరున్నర. మధ్యలో ఉన్నది చిన్నపేగు. నేను మెడిసిన్‌లో చేరిన ఏడాది డిసెక్షన్ హాల్లో దాన్ని టేపుతో కొలిస్తే 6 మీటర్లు దాటింది. బతికున్న మనిషిలో కండరం బిగువుగా ఉంటుంది గనుక అంత ఉండదు, 3 నుంచి 5 మీటర్లే. అది పొట్టలో ఎలా సర్దుకుందో తెలియాలంటే మీ అమ్మ చీర కుచ్చిళ్లు చూడు. బొడ్డు దగ్గర దోపిన చోట బెత్తెడే ఉంటుంది, కింద అంచు మాత్రం మీటర్ల కొద్దీ విచ్చుకుంటుంది. పేగును పట్టి ఉంచే పొర కూడా అచ్చం అలాగే ఉంటుంది. వీపు వైపు అంటుకున్న మొదలు 15 సెంటీమీటర్లే, అవతలి అంచున మీటర్ల కొద్దీ పేగు. ఆ పొర గుండానే రక్తనాళాలు, నరాలు పేగుకు చేరతాయి. మొదటిసారి ఆపరేషన్ బల్ల మీద ఆ కుచ్చిళ్లను చేతుల్లోకి తీసుకున్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఇప్పటికీ గుర్తుంది.

టెన్నిస్ కోర్టు లెక్క నా పుస్తకాల్లోనూ ఉండేది, మీ టీచరు తప్పేమీ లేదు. 2014లో స్వీడన్ శాస్త్రవేత్తలు మళ్లీ కొలిచి, మొత్తం జీర్ణనాళం లోపలి వైశాల్యం సుమారు 32 చదరపు మీటర్లేనని తేల్చారు. అంటే బ్యాడ్మింటన్ కోర్టులో సగం. అదీ తక్కువేం కాదు. లోపలి గోడ తువ్వాలు పోగుల్లా నిక్కి ఉంటుంది. ఒక్కో పోగు మిల్లీమీటరు కూడా ఉండదు. వీటినే నీ పుస్తకంలో చూషకాలు అన్నారు.

ఈ పోగులు అరిగి చదునైపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. స్ప్రూ అనే విరేచనాల జబ్బులో జరిగేది అదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు ఆ జబ్బుతోనే కొద్దిరోజుల తేడాలో పోయారు. ఆయనకూ వచ్చి తగ్గింది. తర్వాత అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను తయారుచేసింది. స్ప్రూకి అదే మందైంది. మీ స్కూల్లో సైన్సు రోజు జరిపితే ఆయన గురించి మాట్లాడమ్మా.

ఇంకొక్క మాట. ఈ గడపకు కణాలు ఒకే ఒక వరసలో పేర్చి ఉంటాయి. ఆ వరస మందం వెంట్రుక మందం కూడా ఉండదు. అది కూడా మూడు నుంచి ఐదు రోజుల్లో రాలిపోయి కొత్తది వస్తుంది. అవతలి వైపు, ముఖ్యంగా పెద్దపేగులో, ఉన్న బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని 2016లో లెక్క కట్టారు. అవి లోపలికి రాకూడదు, అన్నం మాత్రం రావాలి. అందుకే రక్షణ కణాలు పెద్ద సంఖ్యలో పేగు గోడ వెనకాలే కాపు కాస్తుంటాయి. గోడ మీద జిగురు పొర, ఆ జిగురులో క్రిములకు అతుక్కుని వాటిని గోడ తాకనివ్వని ఐజీఏ అనే ప్రతిరక్షకం, చూషకాల మొదట్లోని గుంతల్లో క్రిముల్ని చంపే రసాలు వదిలే పానెత్ కణాలు. ఇంత పటాలం ఉండి కూడా అవి రోజూ చేసే పెద్ద పని యుద్ధం కాదు. పప్పుతో, చేపతో, మనకు మేలు చేసే బ్యాక్టీరియాతో గొడవ పడకుండా ఊరుకోవడం. ఎవర్ని వదిలెయ్యాలో తెలిసి ఉండటమే వాటి గొప్ప విద్య.

మా వాడికి 22 ఏళ్లు. టైఫాయిడ్ అన్నారు. మందు మొదలెట్టిన ఐదో రోజుకే జ్వరం పోయింది. ఇప్పుడు బైకు మీద తిరుగుతున్నాడు, బిర్యానీ కావాలంటున్నాడు, మాత్రలు మానేస్తానంటున్నాడు. మా అత్తగారేమో "పేగు పూసి ఉంటుంది, జాగ్రత్త" అని వాడికి జావ తప్ప ఏమీ పెట్టనివ్వడం లేదు. పేగు పూయడం అనేది నిజంగా ఉందా?
– ఒక తల్లి, తెనాలి

ఉందమ్మా. మీ అత్తగారి మాటను కొట్టిపారేసే కుర్ర డాక్టర్లు ఉంటారు గానీ, నేను ఆ పూతను కళ్లారా చూశాను, చేత్తో పట్టుకున్నాను.

చిన్నపేగు చివరి భాగంలో, లోపలి గోడ మీద అక్కడక్కడా కోలగా కాస్త ఉబ్బెత్తుగా మచ్చలుంటాయి. 1677లో యోహాన్ పెయర్ అనే స్విస్ వైద్యుడు వాటిని వివరంగా రాశాడు గనుక పెయర్ మచ్చలంటాం. గజ్జల్లో, మెడలో బిళ్ళ కడుతుందే, ఆ జాతి కణజాలమే ఇదీ. ఇవి పేగుకు చెక్‌పోస్టులు. వీటి పైకప్పులో ఎం కణాలని ప్రత్యేకంగా ఉంటాయి. పేగులో పోయే క్రిముల్ని కొద్దికొద్దిగా పట్టి లోపలికి తెచ్చి, కింద కాచుకుని ఉన్న రక్షణ కణాలకు చూపిస్తాయి. ఎవరు పగవాడో కణాలు నేర్చుకునేది అక్కడే.

టైఫాయిడ్ క్రిమి ఆ తలుపునే వాడుకుంటుంది. కలుషిత నీళ్లతోనో, బండి మీద కోసిపెట్టిన పండ్ల ముక్కలతోనో లోపలికొచ్చి, ఎం కణం గుండా దూరి, తనను మింగిన రక్షణ కణంలోనే చావకుండా కూర్చుని పెరుగుతుంది. ఆ కణమే దాన్ని మోసుకుంటూ కాలేయానికి, ప్లీహానికి, ఎముక మూలుగకు చేరుస్తుంది. ఈ వారం రెండు వారాలూ మనిషికి ఏమీ తెలియదు. తర్వాత రక్తంలోకి విరుచుకుపడినప్పుడు జ్వరం మొదలవుతుంది. అంతటితో అయిపోదు. పిత్తాశయంలో చేరి, పైత్యరసంతో పాటు మళ్లీ పేగులోకి దిగుతుంది. ఈసారి పెయర్ మచ్చలు దాన్ని గుర్తుపడతాయి, ఒక్కసారిగా మండిపడతాయి. వాచి, నల్లబడి, పొర ఊడి పుండవుతాయి. మీ అత్తగారి భాషలో పేగు పూయడం ఇదే. ఇది జ్వరం మొదలైన రెండో వారంలోనో మూడో వారంలోనో జరుగుతుంది. అప్పటికి మందు పడి జ్వరం తగ్గిన చాలామందికి నీరసం తప్ప బాధ ఉండదు.

తొంభైల్లో ఒక ఆగస్టు రాత్రి నేను డ్యూటీలో ఉండగా ఇటుక బట్టీలో పనిచేసే ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చారు. మీ అబ్బాయి ఈడే. జ్వరానికి షాపులో నాలుగు రోజులకు మాత్రలు కొని, తగ్గగానే మళ్లీ ఇటుకలు మోయడానికి వెళ్లాడు. పదిహేడో రోజున కడుపులో ఏదో తెగినట్టయిందన్నాడు. చెయ్యి వేస్తే పొట్ట చెక్కలా ఉంది. తెరిచాం. పచ్చటి నీళ్లు, వాచిన పేగు. పెద్దపేగు కలిసే చోటికి అడుగు పైన, పొర అంటుకున్న అంచుకు సరిగ్గా ఎదురు అంచున, కందిపప్పు బద్దంత చిల్లు. పెయర్ మచ్చలుండేది ఆ అంచునే కాబట్టి టైఫాయిడ్ చిల్లు దాదాపు ఎప్పుడూ అక్కడే పడుతుంది. కుడుతుంటే దారం నిలవదు. తడిసిన అట్టను కుట్టినట్టు గోడ కోసుకుపోతుంది. మంచి గోడ దొరికేదాకా దూరం జరిగి జరిగి కుట్టాను. తెల్లవారుతుండగా బయటికొస్తే వాళ్లమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి అడిగిన మొదటి మాట, "పేగు పూసిందామ్మా?" పూసిందమ్మా, చిల్లు పడింది, కుట్టాను అన్నాను. నెల రోజులకు అతను నడుచుకుంటూ ఇంటికెళ్లాడు. అందరికీ ఆ అదృష్టం దక్కలేదు.

పేగును నిలువునా కోసి చూస్తే టైఫాయిడ్ పుండు పేగు పొడవునా నిలువుగా ఉంటుంది, మచ్చ ఆకారం అదే గనుక. క్షయ పుండు గాజులా చుట్టూ తిరుగుతుంది. మా ప్రొఫెసరు "నిలువు టైఫాయిడ్, అడ్డం టీబీ" అని మాతో వల్లె వేయించేవారు. నిలువు పుండు మానితే పేగు ఇరుకవదు. అడ్డం పుండు మానితే ముడి బిగిసినట్టు ఇరుకవుతుంది.

కాబట్టి మీ అబ్బాయికి మీ డాక్టరు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ మాత్రలు పడాలి. మధ్యలో మానితే దాక్కున్న క్రిమి కొన్ని వారాల్లో తిరగబెట్టొచ్చు. బైకు, బరువులు ఈ రెండు మూడు వారాలు వద్దు. తిండి విషయంలో మాత్రం మీ అత్తగారితో నేను ఏకీభవించను. జావ మీదే ఉంచితే పుండు మానడానికి సరుకేది? మెత్తటి అన్నం, పప్పు, పెరుగు, గుడ్డు, ఇడ్లీ, ఉడికించిన కూర, అరటిపండు అన్నీ పెట్టండి. బిర్యానీ ఒక నెల ఆగుతుంది. ఉన్నట్టుండి కడుపునొప్పి, పొట్ట గట్టిపడటం, నల్లటి విరేచనం, నాడి వేగంగా కొట్టుకోవడం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లిపోండి.

ఇంకోటి కూడా చెప్పాలి. టైఫాయిడ్‌ను విడాల్ పరీక్ష ఒక్కదానితో తేల్చారా? ఆ పరీక్ష 1896 నాటిది. మన ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా పాజిటివ్ వస్తుంటుంది. ఏ జ్వరమొచ్చినా విడాల్ కాగితం పట్టుకుని యాంటీబయాటిక్ మింగేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మాత్ర మొదలెట్టక ముందే రక్తం కల్చర్‌కి, అంటే అందులోని క్రిమిని పెంచి చూసే పరీక్షకు, పంపమని అడగండి.

నాకు 61 ఏళ్లు. మూడేళ్లుగా రోజూ పరగడుపున గ్యాస్ గోలీ వేసుకుంటున్నాను. ఎవరూ రాయలేదు, నేనే కొనుక్కుంటున్నాను. నష్టమా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, వరంగల్

మీరు గ్యాస్ గోలీ అంటున్నది గ్యాస్‌ను తగ్గించదండీ. అది జీర్ణాశయంలో ఆమ్లం ఊరకుండా చేసే మందు. ఆ ఆమ్లం ఊరికే లేదు. మింగిన క్రిముల్లో ఎక్కువ భాగం చచ్చేది అందులోనే. వాలంటీర్లకు కలరా క్రిములిచ్చి చేసిన పాత ప్రయోగాల్లో, ఆమ్లాన్ని ముందే వంటసోడాతో చంపేస్తే వేల రెట్లు తక్కువ క్రిములకే జబ్బు వచ్చింది. ఏళ్ల తరబడి ఈ గోలీ వాడేవాళ్లకు పేగు ఇన్ఫెక్షన్లు కాస్త ఎక్కువ.

అలాగని రేపే మానెయ్యకండి. ఉన్నట్టుండి ఆపితే కొన్నాళ్లు ఆమ్లం మునుపటికంటే ఎక్కువగా ఊరి మంట ఎక్కువవుతుంది. గుండెకు యాస్పిరిన్, మోకాళ్లకు నొప్పి మాత్రలు వాడేవారికి ఈ గోలీ అవసరం కూడా. డాక్టరుకు చూపించి, ఎండోస్కోపీ కావాలో, హెలికోబాక్టర్ పైలోరీ పరీక్ష కావాలో అడగండి. ఆ క్రిమి తన చుట్టూ అమ్మోనియా తయారుచేసుకుని ఆమ్లంలోనూ బతుకుతుంది. అల్సర్లకు అదే కారణమని నమ్మించడానికి ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్ 1984లో దాన్ని తానే తాగాడు. 2005లో ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ నోబెల్ వచ్చింది. మీ కడుపులో ఉన్నది అదే అయితే పది, పద్నాలుగు రోజుల మందుతో పోతుంది. మూడేళ్లు మోయనక్కర్లేదు.

నాకు "24 గంటల నొప్పి" వచ్చి అపెండిక్స్ తీసేశారు. అది పనికిరాని అవయవం అన్నారు. ఇప్పుడేమో దానిలో రోగనిరోధక శక్తి ఉంటుందని ఎవరో చెప్పారు. నాకేదైనా లోటు జరిగిందా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కరీంనగర్

బాబూ, చిటికెన వేలంత ఉండే ఆ ఉండుకాన్ని నిలువునా కోసి మైక్రోస్కోపు కింద పెడితే గోడ నిండా పెయర్ మచ్చల్లో ఉండే కణాలే కనిపిస్తాయి. గొంతులో టాన్సిల్ ఎలాగో, చిన్నపేగు పెద్దపేగు కలిసే మలుపులో ఇదీ అలాగే. పనికిరాని అవశేషం అన్న మాట 1871 నాటి డార్విన్ పుస్తకం నుంచి వస్తోంది. 2007లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు ఇంకో ఊహ చెప్పారు. భారీ విరేచనాల్లో పెద్దపేగు ఖాళీ అయిపోయినప్పుడు, మేలు చేసే బ్యాక్టీరియా ఈ మూసిన సందులో విత్తనాల్లా మిగిలి మళ్లీ పెరుగుతాయని. రైతు గాదెలో విత్తనం దాచుకున్నట్టు. నాకు ఆ ఊహ సబబుగానే తోస్తుంది గానీ, ఇంకా రుజువైన మాట కాదు.

నీకు లోటేమీ లేదు. మిగిలిన పేగు నిండా ఆ కాపలాయే. ఆ కణాలు యవ్వనంలో ఎక్కువ. అవి ఉబ్బినా, గట్టిపడిన మలం ముక్క అడ్డుపడినా సందు మూసుకుని చీము పడుతుంది. పది నుంచి ముప్పై ఏళ్ల మధ్యవాళ్లే ఎక్కువగా ఈ నొప్పితో రావడానికి అదొక కారణం. కాపలా ఉన్నచోటే దెబ్బా పడుతుంది. గొంతులోనూ అంతే, టైఫాయిడ్‌లోనూ అంతే.

మీ హాస్టల్లో వాళ్లకు ఇది చెప్పు. ఈ నొప్పి బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో కుడివైపు కిందికి జారుతుంది. లోపలి పేగుకు నొప్పి ఎక్కడో సరిగ్గా చెప్పే నరాలు లేవు. వాపు పొట్ట గోడ లోపలి పొరను తాకాక గానీ చోటు తెలియదు. అలా జారిన నొప్పికి విరేచనం అవ్వాలని ఆముదం తాగించకూడదు. ఆముదం తాగి పగిలిన అపెండిక్స్‌తో వచ్చిన పిల్లలకు నేను ఆపరేషన్ చేశాను. ఒక్కొక్కరి పొట్టలోంచి గిన్నెడు చీము తీశాం.

నాకు ఎనిమిదో నెల. పుట్టగానే వచ్చే పసుపుపచ్చ పాలు అరగవని, పిండి పారబోసి, మూడు రోజులు తేనె, పంచదార నీళ్లు నాకించాలని మా అత్తగారు అంటున్నారు. ఆవిడ మనసు నొప్పించలేను. ఏం చెయ్యను?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

తల్లీ, మీ ఇంట్లో పాడి ఉందో లేదో రాయలేదు. ఉంటే, ఆవు ఈనగానే మీ అత్తగారు దూడను దేని దగ్గరికి తోస్తారో అడగండి. పొదుగు దగ్గరికే! ముర్రుపాలు దూడ తాగాకే మనకు జున్నుకు వస్తాయి. దూడకు కడుపులో ఉండగా తల్లి నుంచి ప్రతిరక్షకాలు రావు. పుట్టిన ఒక రోజులోపు పేగు వాటిని రక్తంలోకి రానిస్తుంది, తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. పాడి రైతులు ఈ శాస్త్రం చదవకపోయినా అనుభవంతో ఆ పని చేస్తారు.

మన బిడ్డకు కొన్ని ప్రతిరక్షకాలు మాయ ద్వారా ముందే వస్తాయి. అవి రక్తంలోవి. పేగు గోడకు మాత్రం ప్రతిరక్షకాల పూత ఉండదు. ముర్రుపాలలో నిండుగా ఉండే ఐజీఏ రక్తంలోకి పోకుండా అక్కడే నిలిచి, గడపకు సున్నం వేసినట్టు ఆ గోడకు పూత వేస్తుంది. అందులో నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. మీ ఇంటి నీళ్లలో, మీ పెరట్లో, మీ అత్తగారి చేతుల్లో ఉండే క్రిములను మీ పేగులోని పెయర్ మచ్చలు ఇన్నాళ్లుగా చూస్తూనే ఉన్నాయి. అక్కడ పాఠం నేర్చుకున్న కణాల్లో కొన్ని, మీకు నెలలు నిండేసరికి రొమ్ముకు చేరి, అదే పాఠంతో ఐజీఏ తయారుచేసి పాలలో కలుపుతాయి. అంటే ఆ పాలు పాలకొల్లులో మీ ఇంట్లో పుట్టబోయే మీ బిడ్డకు సరిపోయేలా తయారైనవి. అవి రోజంతా కలిపి కొన్ని చెంచాలే వస్తాయి. పాలు పడలేదని భయపడకండి, ఆ పసి కడుపుకు అంతే చాలు.

తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాకించకూడదు. తేనెలో ఉండగల బొటులిజం క్రిమి బీజాలు పెద్దవాళ్లను ఏమీ చెయ్యవు. మేలు చేసే బ్యాక్టీరియా ఇంకా చేరని పసిపేగులో మొలకెత్తి, విషం పుట్టించి, కండరాలు చచ్చుబడేలా చేస్తాయి. పంచదార నీళ్లూ వద్దు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు.

మీ అత్తగారి మనసు నొప్పించక్కర్లేదు. ఆవిడ బిడ్డ మేలే కోరుతున్నారు. వచ్చే చెకప్‌కి ఆవిడను కూడా తీసుకెళ్లి, ఈ సంగతి నర్సమ్మతో చెప్పించండి. పురుడు గదిలో ఉండేవాళ్లకు కూడా ముందే చెప్పి ఉంచండి. బిడ్డను తుడిచిన వెంటనే, మొదటి గంట దాటకుండా, మీ రొమ్ము మీద పడుకోబెట్టమనండి. ఆ సమయానికి మీ అత్తగారు పక్కనే ఉంటే, బిడ్డ నోటిని రొమ్ముకు అందించే పని ఆవిడకే అప్పగించండి.